కిటికీ అద్దానికి బయటివైపు నీరు: కొన్ని కిటికీలకే ఎందుకు?

ప్రశ్న (హన్మకొండ సభ్యుడు):
వడ్డేపల్లి చెరువుకు దగ్గరలో ఉన్న మా ఇంట్లో, వానకాలం మొదలైనప్పటి నుంచి పడకగది కిటికీ అద్దానికి తెల్లవారేసరికి నీరు పడుతోంది. లోపలి నుంచి వేలితో రుద్దితే పోలేదు, బాల్కనీలోకి వెళ్ళి రుద్దితే చార పడింది; కాబట్టి నీరు బయటివైపే ఉన్నట్లు. అదే గోడకు ఉన్న రెండో కిటికీ మాత్రం పొడిగా ఉంటోంది. అద్దాలు బిగించిన మేస్త్రీ అద్దం నాసిరకమని, మార్చాలని అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు (కాజీపేట సభ్యుడు):
మార్చకండి. ముందు ఒక్క మాట చెప్పండి: రాత్రంతా ఏసీ వేస్తున్నారా, దాని గాలి ఆ కిటికీ మీదికే వస్తోందా?

ప్రశ్నించిన సభ్యుడు:
అవునండీ. 20లో పెడుతున్నాం, ఏసీ ఆ కిటికీకి ఎదురుగానే ఉంది. నీటి మరక కూడా అద్దమంతా కాకుండా అర్ధచంద్రాకారంలో ఉంటోంది.

జవాబు (కాజీపేట సభ్యుడు):
ఆ అర్ధచంద్రం చల్లగాలి తగిలే మేరకు పడిన ముద్ర. గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. బయట 27 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న రాత్రి అది సుమారు 25 డిగ్రీలు ఉంటుంది. 5 మిల్లీమీటర్ల ఒంటి అద్దం చలిని దాదాపు ఆపదు కనుక, గదిని 20కి దించినప్పుడు, ముఖ్యంగా గాలి కదలని రాత్రి, అద్దం బయటి ముఖం 25 కంటే దిగువకు జారి, చల్లటి మంచినీళ్ళ చెంబుకు చెమట పట్టినట్లే బయటి తేమ దాని మీద నీరవుతుంది. రెండో కిటికీకి చల్లగాలి నేరుగా తగలడం లేదు. మే నెలలో ఏసీ ఇంతకంటే ఎక్కువ నడిచినా ఈ నీరు కనబడకపోవడానికి కారణం, అప్పటి గాలిలో అంత తేమ లేకపోవడమే. ఏసీని 26లో పెట్టి ఫ్యాను కలపండి, ఏసీ గాలి రెక్కలను కిటికీ నుంచి పక్కకు తిప్పండి.

మరో సభ్యురాలు (ఆదిలాబాద్):
మా ఇంట్లో ఏసీయే లేదు. జంట అద్దాల యూపీవీసీ కిటికీలు పెట్టించాం. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో వీటికీ బయటివైపు మంచు పడుతోంది. అద్దం నడుమ తడిగా, అంచులు పొడిగా ఉంటున్నాయి. సజ్జ కింద లోపలికి ఉన్న వంటింటి కిటికీకి మాత్రం ఏమీ లేదు. మందంగా కర్టెన్ వేస్తే ఆగుతుందని ఎవరో చెప్పారు.

జవాబు (కాజీపేట సభ్యుడు):
మీది వేరే సంగతి అమ్మా. మబ్బులేని రాత్రి ఆకాశం కనిపించే ప్రతి వస్తువూ తన వేడిని పైకి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. ఆరుబయట నిలిపిన కారు అద్దం తడిసి, షెడ్డులోని కారు పొడిగా ఉండేది ఇందుకే. మీ వంటింటి కిటికీకి సజ్జ ఆ షెడ్డు పని చేస్తోంది. జంట అద్దాల మధ్య ఉన్న గాలి పొర గది వెచ్చదనాన్ని బయటి అద్దం దాకా పోనివ్వదు కాబట్టి అది మరింత చల్లబడుతుంది. అంచుల వద్ద రెండు అద్దాలను కలిపే పట్టీ ద్వారా కొంత వేడి చేరుతుంది, అందుకే అక్కడ పొడి. అంటే మీ కిటికీ బాగా పనిచేస్తోందన్నమాట.

కర్టెన్ మాట సగమే నిజం. హన్మకొండ వారి పడకగదిలో మందపు కర్టెన్ ఏసీ చలిని అద్దానికి దూరంగా ఉంచి నీటిని తగ్గిస్తుంది. మీ ఇంట్లో అదే కర్టెన్ గది వెచ్చదనాన్ని అద్దానికి అందకుండా చేసి మంచును పెంచుతుంది. ఎండ తగిలితే అదే ఆరిపోతుంది, వదిలేయండి. నీరు రెండు అద్దాల మధ్యన కనిపిస్తే మాత్రం సీలు పోయినట్లే, ఆ అద్దాల జతను మార్పించాలి.

ప్రశ్నించిన సభ్యుడు:
నాలుగు రాత్రులు 26లో పెట్టి, రెక్కలు పక్కకు తిప్పి చూశాను. మరక రాలేదు. చెక్క ఫ్రేము అడుగున మాత్రం ఇన్నాళ్ళు జారిన నీటికి రంగు పొక్కింది. దాన్ని గీకించి మళ్ళీ వేయించాలి. అద్దం పని వద్దని మేస్త్రీకి చెప్పాను.