సిమ్యులేషన్ గేముల్ల లోపల నడిచే లెక్కలు దాచిపెడితే ఆట బాగుపడతదా, పాడైతదా?

కాజీపేట_జంక్షన్:
సిటీస్ స్కైలైన్స్ అని ఊరు కట్టే గేమ్‌ల నా ఊరు మంచిగ నడుస్తుండె. పైసలు మస్తు. ఉన్నట్టుండి ప్రతి ఇంటి మీద పుర్రె గుర్తు! శ్మశానాలు కట్టిన, శవాల బండ్లు పెంచిన, ఆగలె. తర్వాత నెట్‌ల తెలిసింది: పెద్ద జాగ ఒక్కసారే జోన్ చేస్తే (ఇండ్లకని గీసిస్తే) వచ్చేటోళ్లంత ఇంచుమించు ఒక్క ఈడోళ్లే ఉంటరంట. అందుకే అందరు ఒక్కపాలే ముసలోళ్లై పోతరు. గీ ముచ్చట గేమ్‌ల ఏడ చెప్పలె. నేనైతే పాడైతదనే అంట.

ఎనుమాముల_అన్న:
తమ్మీ, నీ కోపం సమజైంది గని నేను ఒప్పుకోను. అన్నీ విప్పి చెప్తే అది ఆట కాదు, ఎక్సెల్ షీటు. 1999ల వచ్చిన రోలర్ కోస్టర్ టైకూన్, గదే అమ్యూజ్‌మెంట్ పార్కు నడిపే గేమ్, యాదికుందా? వాన పడంగనె గొడుగు రేటు పెంచినా జనం ఎగబడి కొంటరు. ఎవడన్న చెప్పిండా? స్టాల్ కాడ గుంపు చూసి మనమే పట్టుకున్నం. గదే మజా. నీ స్కైలైన్స్‌లనే మురుగు పైపుకు దిగువన నీళ్ల పంపు పెట్టు, జనం మంచం పడతరు. ఏటి నీళ్ల రంగు మారుడు కండ్ల ముంగటనే ఉంటది కద.

వడ్లు కొనుగోలు సెంటర్‌కు కొంటబోతే తేమ 17 శాతం దాటొద్దు. మిషన్ పెట్టేదాక నంబర్ ఎవ్వనికి తెల్వదు. అయినా మా బాపు రెండు గింజలు పంటి కింద పెట్టి, "ఇంకో ఎండ తగలాలె" అంటడు. లెక్క దాగితే దాగనీ, పంటికి తగిలేదేదో ఒకటి ఉండాలె.

గోదావరిఖని_గేమర్:
అన్నా, మరి 2013ల వచ్చిన సిమ్‌సిటీకి ఏమంటవ్? అది గూడ ఊరు కట్టే గేమే. అందుల మనిషికి సొంతిల్లు లేదు, సొంత కొలువు లేదు. పొద్దుగాల దగ్గర్ల ఏ కొలువు ఖాళీ ఉంటే దాంట్లకు, పొద్దూకితే దగ్గర్ల ఏ ఇల్లు ఖాళీ ఉంటే దాంట్లకు. పైన చూపెట్టే జనాభా కూడ నిజంగ తిరిగేటోళ్ల కంటె ఎక్కువ. రోడ్డు జామైతే తప్పు మనదేననుకొని రోడ్లు తవ్వుకుంట కూసున్నం. పంటికి ఏం తగిలింది?

ఎనుమాముల_అన్న:
అది దాచుడు కాదు, దొంగ లెక్క. దాన్ని నేనెందుకు ఎనకేసుకొస్త?

ఓరుగల్లు_రాత్రి:
డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అని మరుగుజ్జుల కోట నడిపే గేమ్ ఉంది కద, దాంట్ల పిల్లుల సంగతి ఎవ్వరు తియ్యలేదేంది? కల్లు దుకాణం లెక్క ఉండే జాగల నేల మీద బీరు ఒలుకుతది, పిల్లి పాదాలకు అంటుతది, అది నాక్కుంటది, సస్తది. నాకినప్పుడల్ల ఒక నిండు గ్లాసు తాగినట్టు లెక్క పడుతుండెనంట. చేసినాయనకే తెల్వదు! పిల్లుల చుట్టు కక్కు కనబడేసరికి తీగ లాగిండ్రు.
ఇంకోటి. ఫార్మింగ్ సిమ్యులేటర్‌ల చేన్ల నిలబడితే సున్నం కావాలె, దున్నాలె, కలుపున్నది అని పక్కకే రాసి చూపెడతది. దాన్ని ఎవ్వరు బోర్ అనలె గద?

గోదావరిఖని_గేమర్:
గదే. చూపెట్టినా నడుస్తది.

ఎనుమాముల_అన్న:
ఆ గేమ్‌ల మజా ట్రాక్టర్ నడుపుట్ల ఉంది, కనిపెట్టుట్ల కాదు. రెండు ఒక్క గాటన కట్టకుండ్రి. కాజీపేట తమ్మీ, నీ ఊరికైతే మందు ఇదే: జోన్ ఒక్కసారే గియ్యకు. నాలుగిండ్లు గియ్యి, ఆగు, మళ్ల నాలుగు గియ్యి.

కాజీపేట_జంక్షన్:
సరే అన్నా, గట్లనే చేస్త. గని ఆ మాట నాకు చెప్పాల్సింది గేమ్, నువ్వు కాదు.