లేవగానే నాన్నకు కళ్ళు తిరుగుతున్నాయి, వయసు వల్లేనా?
మా నాన్నకు 74 ఏళ్ళు. మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుంటారు. నిన్న కూర్చున్నప్పుడు బీపీ 152/78, నిలబడ్డ రెండు నిమిషాలకు 124/70. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే పట్టించుకోవాల్సిందే అని తెలుసు. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కుతాయి, లేచినప్పుడు బీపీని నిలబెట్టే నరాల స్పందన మందగిస్తుంది, దాహమూ తగ్గుతుంది. ఈయనైతే గ్లాసు చేతికిస్తే తప్ప నీళ్ళు తాగరు! "ముసలితనమేరా" అని కొట్టిపారేస్తారు.

నా అయోమయమంతా మందుల దగ్గరే. బీపీ బిళ్ళ, ప్రోస్టేట్ బిళ్ళ రెండూ రాత్రే వేసుకుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇలా అయితే డాక్టరు మందు మార్చారా, వేళ మార్చారా? ఎల్లుండి చూపిస్తున్నాం, ఇంకేం అడగమంటారు?