హనుమకొండ ఎంపీ సీటు లెక్క తేలడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

కాజీపేట ప్యాసింజర్:
అందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయంలో గోడకు పెట్టడానికి ఒక చార్టు చేస్తున్నాను. హనుమకొండ లోక్‌సభ నియోజకవర్గం ఉన్నన్నాళ్లూ ఎవరెవరు ఎంపీలుగా గెలిచారో వరుసగా రాయాలి. గంటలో అయిపోతుందనుకున్నా, మూడు రోజులైంది. చిక్కులు ఇవి.

ఒకటి, 1984లో పీవీ నరసింహారావు ఓడిపోయారని మా తాత అంటాడు. కానీ అదే లోక్‌సభలో పీవీ కేంద్రమంత్రిగా కనిపిస్తున్నారు. ఓడితే సభలోకి ఎలా వెళ్లారు?

రెండు, ఈ సీటు 2008 ఫిబ్రవరిలో రద్దయిందని ఒకచోట ఉంది. మరోచోట 2008 మేలో ఇక్కడ ఉప ఎన్నిక జరిగిందని ఉంది. లేని సీటుకు ఎన్నిక ఏంటి?

మూడు, ఒక జాబితాలో 1952కే హనుమకొండలో పెండ్యాల రాఘవరావు గెలిచారని ఉంది. మరి సీటు పుట్టింది 1977లో అంటున్నారు కదా?

ఆదివారం లోపు కావాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.

చౌరస్తా చాయ్:
అన్నా, ఇందులో కష్టమేముంది. పీవీ ప్రధాని అయినప్పుడు హనుమకొండ ఎంపీయే కదా. 77 నుంచి 96 దాకా పీవీ అని రాసెయ్. చివరి ఎన్నిక 2004.

పాత బ్యాలెట్:
చాయ్ తమ్ముడూ, రెండూ తప్పే. ఆ చార్టు గోడకెక్కితే మా తరం వాళ్లం వచ్చి గొడవ చేస్తాం.

నేను రిటైర్డ్ టీచరును, ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. ముందు జాబితా ఇస్తున్నా, నోట్ చేసుకోండి. 1977లో పీవీ, 1980లో మళ్లీ పీవీ, రెండుసార్లూ కాంగ్రెస్. 1984లో బీజేపీ నుంచి చందుపట్ల జంగారెడ్డి. 1989, 1991, 1996 మూడూ కమాలుద్దీన్ అహ్మద్, కాంగ్రెస్. 1998, 1999 చాడ సురేశ్‌రెడ్డి, తెలుగుదేశం. 2004లో బోయినపల్లి వినోద్ కుమార్, టీఆర్ఎస్. 2008 ఉప ఎన్నికలో మళ్లీ ఆయనే. మొత్తం పది ఎన్నికలు, ఐదుగురు మనుషులు. మీ చార్టు గళ్లు దీని ప్రకారం గీసుకోండి.

1991 సంగతి. పీవీ ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో అసలు పోటీయే చేయలేదు. జూన్‌లో ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ టీడీపీ అభ్యర్థిని పెట్టలేదు. 5 లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. కాబట్టి పీవీ ప్రధానిగా ఉన్నప్పుడు హనుమకొండ ఎంపీ కమాలుద్దీన్ అహ్మద్. ఆయన పీవీ ప్రభుత్వంలోనే సహాయ మంత్రిగా పనిచేశారు. పాత ఎంపీ ప్రధాని, కొత్త ఎంపీ ఆయన దగ్గర మంత్రి. ఈ ముక్క చార్టులో పెడితే పిల్లలు ఆగి చదువుతారు.

ఇక 1984. మీ తాత చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికి పీవీ కేంద్ర హోంమంత్రి. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది, డిసెంబరులో ఎన్నికలు. దేశమంతా సానుభూతి గాలి, కాంగ్రెస్‌కు 400 దాటాయి. మన రాష్ట్రంలో మాత్రం గాలి అడ్డం తిరిగింది. అదే ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టడం, నెల రోజుల గొడవ తర్వాత ఎన్టీఆర్ మళ్లీ రావడం జనం మనసులో పచ్చిగా ఉంది. 42 సీట్లలో టీడీపీకి 30 వచ్చాయి. హనుమకొండలో టీడీపీ అభ్యర్థి లేడు, మద్దతు జంగారెడ్డికి ఇచ్చింది. ఆయనేమీ కొత్తముఖం కాదు, జనసంఘ్ రోజుల నుంచీ పరకాల వైపు బాగా తెలిసిన మనిషి, ఎమ్మెల్యేగా గెలిచినవాడు. 54 వేలకు పైగా ఓట్ల తేడాతో పీవీ ఓడిపోయారు.

ఆ ఎన్నికలో వాజ్‌పేయి కూడా గ్వాలియర్‌లో ఓడారు. దేశం మొత్తం మీద బీజేపీకి దక్కినవి రెండే రెండు సీట్లు. ఒకటి గుజరాత్‌లో మెహసానా, ఇంకొకటి మన హనుమకొండ.

కాజీపేట ప్యాసింజర్:
మాస్టారూ, చాలా థాంక్స్. మరి ఓడిన పీవీ మంత్రి ఎలా అయ్యారు? రాజ్యసభా?

పాత బ్యాలెట్:
కాదు బాబూ. మహారాష్ట్రలో నాగపూర్ పక్కన రాంటెక్ అని ఉంది. 1984లో అక్కడ కూడా నామినేషన్ వేశారు, అక్కడ గెలిచారు. 1989లో కూడా రాంటెక్ నుంచే. ఆయన మరాఠీ ధారాళంగా మాట్లాడేవారు కాబట్టి అక్కడ పరాయివాడిగా అనిపించలేదు. లోక్‌సభ సభ్యుల వివరాల్లో 1984కు ఆయన పేరు రాంటెక్ కింద ఉంటుంది, హనుమకొండ కింద ఉండదు. మీరు పేరు పట్టుకొని వెతికారు, ఊరు పట్టుకొని వెతకాల్సింది.

వేయిస్తంభాల నీడ:
రెండో ప్రశ్న నాకు వదిలేయండి, నాకు మ్యాపుల పిచ్చి.

ప్యాసింజర్ గారూ, మీకు దొరికిన రెండు తేదీలూ కరెక్టే. 2001 జనాభా లెక్కలను బట్టి డీలిమిటేషన్ కమిషన్ గీసిన కొత్త హద్దులు 2008 ఫిబ్రవరి 19 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో హనుమకొండ లేదు. కానీ కొత్త హద్దులు వర్తించేది ఆ తర్వాత ఎన్నికయ్యే సభకు. అప్పటికే నడుస్తున్న సభలో ఖాళీ వస్తే పాత హద్దుల్లోనే ఉప ఎన్నిక పెట్టాలి. తెలంగాణ కోసం టీఆర్ఎస్ ఎంపీలు 2008 మార్చిలో రాజీనామా చేశారు, మే 29న పోలింగ్ జరిగింది. అంటే కాగితం మీద పోయిన సీటుకు చివరిసారి ఓటేశాం అన్నమాట. ఆ ఓటు నేనూ వేశాను, అదే ఆఖరుదని ఆ రోజు నాకు తట్టనే లేదు.

ఆ రోజు నాలుగు లోక్‌సభ స్థానాలకు పోలింగ్. టీఆర్ఎస్ నిలబెట్టుకున్నవి కరీంనగర్, హనుమకొండ మాత్రమే. ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు పోయింది. పక్కనే ఉన్న వరంగల్‌ను టీడీపీ తరఫున ఎర్రబెల్లి దయాకర్‌రావు గెలుచుకున్నారు. ఒకే జంటనగరం, పక్కపక్క సీట్లు, తీర్పులు వేరు. చార్టులో 2008 గడిని 2004తో కలిపేయకండి, విడిగా చూపించండి.

చౌరస్తా చాయ్:
సరే, తప్పు ఒప్పుకున్నా. కానీ మన సీటే ఎందుకు తీశారు? వరంగల్ ఉంచి హనుమకొండ తీసేయడం అన్యాయం కాదా?

వేయిస్తంభాల నీడ:
మనది ఒక్కటే కాదు. ఉమ్మడి రాష్ట్రంలో హనుమకొండతో పాటు సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం పోయాయి. బదులుగా మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి, జహీరాబాద్, మహబూబాబాద్, అరకు, విజయనగరం వచ్చాయి. మొత్తం 42 మారలేదు. జనం హైదరాబాద్ చుట్టూ పోగయ్యారు, సీట్లూ అటే జరిగాయి. 1971 జనాభా లెక్కలతో గీసిన గీతలు ఎమర్జెన్సీ నాటి రాజ్యాంగ సవరణ వల్ల అన్నేళ్లు కదల్లేదు. మన సీటు 1977 నుంచి ముప్పై ఏళ్లు బతికింది కూడా అందుకే.

అన్యాయమా అంటే, నా లెక్కలో నగరానికి నష్టమేమీ లేదు. అంతకుముందు హనుమకొండ, వరంగల్ అని రెండు ముక్కలుగా ఉన్న ఊరు ఇప్పుడు వరంగల్ సీటులో పశ్చిమ, తూర్పు సెగ్మెంట్లుగా కలిసి ఉంది. ఆ సీటు ఎస్సీ రిజర్వుడు అయింది. పేరు పోయిందన్న బాధ వేరే సంగతి, అది నాకూ ఉంది.

నష్టపోయింది, లేదా గందరగోళంలో పడింది, అంచుల్లో ఉన్న పల్లెలు. కమలాపూర్ మండలం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది, కానీ అసెంబ్లీకి హుజూరాబాద్, లోక్‌సభకు కరీంనగర్. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి కూడా హనుమకొండ జిల్లాయే, అసెంబ్లీకి హుస్నాబాద్, లోక్‌సభకు మళ్లీ కరీంనగర్. పీవీ పెరిగిన వంగర భీమదేవరపల్లి మండలమే కదా. ఆ ఊరివాళ్లు కలెక్టర్ కోసం హనుమకొండ రావాలి, ఎంపీ కోసం కరీంనగర్ వైపు చూడాలి. వినోద్ కుమార్ కూడా సీటు పోయాక కరీంనగర్‌కే వెళ్లారు. 2009లో ఓడి 2014లో గెలిచారు.

పాత బ్యాలెట్:
మూడో ప్రశ్న మర్చిపోయాం. పెండ్యాల రాఘవరావు 1952లో పీడీఎఫ్ (కమ్యూనిస్టులు అప్పట్లో పోటీ చేసిన ఫ్రంట్) తరఫున వరంగల్ లోక్‌సభ గెలిచారు. హనుమకొండ అన్నది అప్పుడు అసెంబ్లీ స్థానం, అదీ ఆయనే గెలిచారు. మీ జాబితా రాసినవారు ఎవరో అసెంబ్లీ హనుమకొండను లోక్‌సభ హనుమకొండలో కలిపేశారు. ఒకే పేరుతో రెండు స్థాయిల్లో సీట్లున్నచోట ఈ పొరపాటు మామూలే.

ఒక మనిషి అన్ని చోట్ల పోటీ ఏంటని అడుగుతారేమో, అప్పట్లో లెక్క లేదు. ఎన్టీఆర్ 1985లో గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడూ గెలిచారు. 1996లో చట్టం మార్చి రెండుకు మించి కుదరదన్నారు.

కాజీపేట ప్యాసింజర్:
ఇప్పుడు తెలిసింది. ఇంకొక్కటి. ప్రతి ఎన్నికలో వచ్చిన ఓట్లు కూడా రాసి, చివర్లో ఇప్పటి వరంగల్ ఎంపీ ఓట్లతో పోలుస్తూ గ్రాఫ్ గీద్దామనుకుంటున్నా. బాగుంటుందా?

వేయిస్తంభాల నీడ:
వద్దు. హద్దులు మారాక ఓటర్లే మారిపోయారు, ఆ గీత దేన్నీ చూపించదు. 1977 నుంచి 2008 దాకా హద్దులు ఒకటే కాబట్టి ఆ పదింటికే గ్రాఫ్ గీయండి, అక్కడ ఆపేయండి. అంకెలు మాత్రం ఎవరి పోస్టు నుంచీ ఎత్తకండి, మావి కూడా. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ప్రతి లోక్‌సభ ఎన్నికకూ గణాంక నివేదిక ఉంటుంది. ఏడాది ఎంచుకొని, ఆంధ్రప్రదేశ్ కిందికి వెళ్లి, నియోజకవర్గాలవారీ ఫలితాల పట్టిక తెరవండి. 2008ది సాధారణ ఎన్నికల నివేదికలో ఉండదు, ఉప ఎన్నికల ఫలితాలు విడిగా పెడతారు, అక్కడ చూడండి. వెతికేటప్పుడు స్పెల్లింగ్ జాగ్రత్త. హన్మకొండ, హనమకొండ, హనుమకొండ, ఒకటి కొడితే ఇంకోటి రాదు.

పాత బ్యాలెట్:
1999 దాకా మన దగ్గర బ్యాలెట్ పేపర్లే ఎక్కువ, 2004లో దేశమంతా ఈవీఎంలు వచ్చాయి. అందుకే పాత పట్టికల్లో చెల్లని ఓట్ల గడి పెద్దగా ఉంటుంది. పోలైన ఓట్లు వేరు, చెల్లిన ఓట్లు వేరు. శాతం లెక్క కట్టేటప్పుడు చెల్లినవే తీసుకోండి. చెల్లని ఓట్ల కట్టలు విడిగా కట్టిన చేతులివి, అందుకే చెప్తున్నా.

కాజీపేట ప్యాసింజర్:
రాసుకున్నాను మాస్టారూ. చివరిది, ప్రామిస్. చార్టు పైన పేరు ఏమని రాయాలి?

పాత బ్యాలెట్:
సీటు ఉన్న రోజుల్లో పేపర్లలో, గోడల మీద ఎక్కువగా హన్మకొండ అనే రాసేవారు. వరంగల్ అర్బన్ జిల్లాను హనుమకొండ జిల్లాగా మార్చింది 2021లో. పోయిన సీటుకు అప్పటి పేరే ఉంచితే చదివేవాళ్లకు ఇప్పటి జిల్లాతో కలిసిపోదు.

కాజీపేట ప్యాసింజర్:
అయ్యో, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో హనుమకొండ అని రాసేశాను. సరే, రేపు పొద్దున ఇంకో చార్టు కొంటా.