ఇంటర్నేషనల్ లా ప్రొఫెసర్ కావాలంటే ఎటు వెళ్లాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెదజాలరిపేట. ఈ మధ్యే ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) అయింది, లెక్చరర్ ఉద్యోగాలకు రాసే నెట్ పరీక్ష కూడా పాసయ్యాను. పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, అంటే దేశాల మధ్య నడిచే చట్టం, అందులోనూ సముద్ర చట్టం, పిల్లలకు పాఠం చెప్పాలని నా కోరిక.

2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లు వదిలిపెట్టేసరికి 2020 జనవరి వచ్చింది. ఆ రోజుల్లో మా వీధిలో వలలు బాగుచేసుకుంటూ పెద్దవాళ్లు ఆ మాటే మాట్లాడుకునేవాళ్లు. తర్వాత క్లాసులో 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం, 73వ అధికరణం చదివాను. ఒక దేశానికి తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కులుండే ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధనలు మీరితే, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వేయకూడదట! ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీసిన గీత నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఇది మా వాళ్లకు ఎవరూ చెప్పలేదే అని చాలా బాధేసింది.

ఇప్పుడు నా టెన్షన్ ఇది. పీహెచ్‌డీ ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లోనో, సబ్బవరం లా యూనివర్సిటీలోనో చేస్తే సరిపోతుందా? ముందు విదేశంలో ఇంకో ఎల్‌ఎల్‌ఎం ఉండాలా? ఏయూలో లా చదివిన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు యేల్‌కు వెళ్లారు, తర్వాత 1987 నుంచి 2006 దాకా ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో ఉన్నారు. కానీ మా నాన్నకు ఉన్నది ఒక్క బోటు, దాని మీద తీసుకున్న అప్పే ఇంకా తీరలేదు.

ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు రమ్మంటున్నారు, కాంట్రాక్టులు, ఫ్యామిలీ లా చెప్పాలట. చేరితే నా సబ్జెక్టు చేజారిపోతుందా? నెదర్లాండ్స్‌లో ఇంటర్నేషనల్ లా నేర్పే హేగ్ అకాడమీ వేసవి కోర్సుకు స్కాలర్‌షిప్ మీద వెళ్లినవాళ్లు ఉంటే, దరఖాస్తులో ఏం రాశారో చెప్పండి. అంతర్జాతీయ న్యాయస్థానం భాషల్లో ఫ్రెంచ్ కూడా ఒకటి కదా, ఇప్పుడే మొదలుపెట్టమంటారా?