ఎల్లోనైఫ్ వస్తున్న తమ్ముడికి: యంత్రాలకన్నా ముందు డీజిల్ లెక్క నేర్చుకో

ప్రశ్న: అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. కెనడా ఉత్తరాన ఒక వజ్రాల గని విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఇంతవరకు రామగుండం థర్మల్ కేంద్రంలో ఆరేళ్లు చేశాను. జనవరిలో భార్య, రెండేళ్ల పాపతో ఎల్లోనైఫ్‌లో దిగుతున్నాం. ఏమేం తెలుసుకుని రావాలి?

జవాబు: తమ్ముడూ, శుభాకాంక్షలు. ఇక్కడికి వచ్చి పన్నెండేళ్లయింది, అందులో ఏడేళ్లు గని జనరేటర్ల దగ్గరే గడిచాయి. రామగుండంలో బొగ్గు పక్కనున్న సింగరేణి నుంచే వస్తుంది, ఒక యూనిట్ ఆగినా గ్రిడ్ ఆదుకుంటుంది. ఇక్కడ ఆదుకునేవారు లేరు. గని దాకా కరెంటు తీగ లేదు, ఏడాది పొడవునా నడిచే రోడ్డూ లేదు. ఏడాదికి సరిపడా డీజిల్ గడ్డకట్టిన సరస్సుల మీద వేసే మంచు రోడ్డు మీదుగానే రావాలి. జనవరి చివర తెరిచిన ఆ రోడ్డు మార్చి చివరికల్లా మూతపడుతుంది.

వీలైతే ఒక్కసారి ఆ రోడ్డు పక్కన నిలబడి చూడు. నిండు ట్యాంకర్లు గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, ఒకదానికొకటి దూరంగా కదులుతుంటాయి. ఆ బరువుకు మంచు కింద నీటిలో అల లేస్తుంది. వేగం పెంచితే ఆ అలే మంచును పగలగొడుతుంది. 2006లో చలి చాలక రోడ్డు ముందే మూసేశారు, మిగిలిన ఇంధనాన్ని విమానాల్లో మోయవలసి వచ్చింది. అందుకే ట్యాంకు మట్టం ఎవరో గుమాస్తా రాసుకునే అంకె అనుకోవద్దు. పనిలోకి దిగగానే నువ్వు చూడవలసింది అదే.

ఇంకో సంగతి. జనరేటర్ల నుంచి వచ్చే వేడిని ఇక్కడ వృథా పోనివ్వరు. చలికి సులువుగా గడ్డకట్టని గ్లైకాల్ ద్రవం పారే పైపులతో భవనాలకు పంపుతారు. యంత్రం ఆగితే దీపాలతో పాటు మనుషులు పడుకునే గదుల వెచ్చదనమూ తగ్గుతుంది. ఇక్కడి డయావిక్ అనే వజ్రాల గనిలో 2012లోనే నాలుగు గాలి టర్బైన్లు పెట్టారు, మొత్తం 9.2 మెగావాట్లు. రెక్కల మీద మంచు పేరుకోకుండా వాటికి లోపల హీటర్లు ఉంటాయి. 2024లో 3.5 మెగావాట్ల సౌర పలకలూ వచ్చాయి. అవి మంచు మీద పడి తిరిగొచ్చే వెలుగునూ పట్టుకుంటాయి. నాకు ఇవి చాలా ఇష్టం, కానీ డిసెంబరు రాత్రుల్లో భారం మోసేది డీజిలే. ఆ గని తవ్వకాలకు 2026నే గడువుగా పెట్టుకున్నారు. కాబట్టి నువ్వు చేరే గనికి ఇంకా ఎన్నేళ్లు ఆయుష్షు ఉందో ఒప్పందం మీద సంతకం పెట్టేముందే అడుగు.

ఎల్లోనైఫ్ ఊరికి స్నేర్ నది జలవిద్యుత్తు ఉంది. వానలు తగ్గిన ఏడాది డీజిల్ కేంద్రం నడపక తప్పదు. కెనడా దక్షిణాది గ్రిడ్‌తో ఈ ఊరికీ సంబంధం లేదు. ఇంటి వేడికి మాత్రం చాలామందికి ఇంధన నూనెతో మండే ఫర్నేసే దిక్కు. మొదటి చలికాలంలో నూనె ట్యాంకు గేజి ముల్లు అడుగుకు దిగినా రేపు పోయిద్దాంలే అనుకున్నాను. రాత్రి ఫర్నేస్ ఆగింది. తెల్లవారి చూస్తే సింకు కింద పైపు పగిలి, వంటింటి నేల మీద పల్చటి మంచు పలక. ఆ రోజు నా భార్య పిల్లవాణ్ణి దుప్పట్లో చుట్టుకుని కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. పావు ట్యాంకు మిగిలి ఉండగానే నూనె పోసేవాళ్లకు ఫోను చెయ్యి తమ్ముడూ.

మరో జవాబు: అన్నయ్య చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను. అద్దె ఇల్లు చూసేటప్పుడు కారు నిలిపే చోట ప్లగ్గు ఉందో లేదో చూడండి. ఇంజన్ హీటర్‌కు రాత్రంతా కరెంటు పెట్టకపోతే మైనస్ 40లో కారు కదలదు. కారులో ఎప్పుడూ సగం ట్యాంకు పెట్రోలు ఉంచండి. 2023 ఆగస్టులో కార్చిచ్చు వచ్చి ఊరంతా ఖాళీ చేయించినప్పుడు, దక్షిణానికి ఉన్నది ఒకే రోడ్డు. ఇడ్లీ పిండి ఫర్నేస్ గదిలో పెట్టమని మీ ఆవిడకు చెప్పండి, అక్కడ చక్కగా పులుస్తుంది. పాప కొలత రాయండి. మా అబ్బాయికి చిన్నదైపోయిన చలికోటు ఒకటి ఉంది, విమానాశ్రయానికి తెస్తాను.