వకీలు, వకాల్తా: ఈ మాటలు అసలు ఎక్కడివి?

రావిచెట్టు:
పొలం తగాదా మీద మొన్న లాయరు గారి దగ్గరికి వెళ్తే, విషయం పూర్తిగా వినకముందే వకాల్తా మీద సంతకం పెట్టమన్నారు. ఇన్నాళ్లూ 'వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావ్' అని తమ్ముణ్ణి కసరడానికే ఆ మాట వాడాను, అది నిజంగా ఒక కాగితమని అప్పుడే తెలిసింది. ఇంతకీ ఇది ఏ భాష? మా ఇంట్లో ఒకరు సంస్కృతం అంటారు, ఒకరు ఇంగ్లీషు అంటారు.

పాతదస్తావేజు:
రెండూ కాదు, అరబీ. వకీల్ అంటే మన పని అప్పగించిన మనిషి, అంతే, కోర్టే ఉండక్కర్లేదు. ఒక రాజు తరఫున ఇంకో రాజు దర్బారులో ఉండే రాయబారిని కూడా వకీలనే అనేవారు. అల్లా పేర్లలో అల్ వకీల్ ఒకటి, భారమంతా ఆయన మీద వేయొచ్చని. ఆ అప్పగింత వకాలత్, దాని కాగితం వకాలత్‌నామా. మన నోట్లో పడి వకాల్తా అయింది. దావా, రద్దు, హాజరు, జప్తు అన్నీ ఆ దారినే వచ్చాయి.

నల్లకోటు:
1961 అడ్వొకేట్స్ చట్టం వచ్చాక వకీలని వేరే హోదా లేదు, మేమందరం అడ్వొకేట్లమే. 1879 నాటి చట్టంలో వకీలు, ప్లీడరు, ముఖ్తారు అని కోర్టు పని చూసేవాళ్లలో వేర్వేరు హోదాలు, ఎవరికి వారే. కానీ 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ తీయండి, ప్లీడరంటే ఎవరో చెప్పేచోట వకీలు ఇంకా కూర్చునే ఉన్నాడు.

వీధిబడి:
నన్ను తికమక పెట్టింది మాత్రం న్యాయవాది. దావా వేసినవాడు వాది, మరి 'వాది తరఫు న్యాయవాది' ఏంటి అని మొదటిసారి కోర్టు కాగితం పట్టుకుని రెండు సార్లు చదివాను. అడ్వొకేట్ అయితే లాటిన్, సాయానికి పిలిపించుకున్నవాడని. ఫ్రెంచిలో లాయరుకీ అవకాడో పండుకీ ఒకటే మాటట, అది తెలిసి కాసేపు నవ్వుకున్నా.

గుమాస్తాగారబ్బాయి:
మా నాన్న ముప్పై ఏళ్లు ప్లీడరు గుమాస్తా. గుమాస్తా ఫారసీ మాట, దాని అర్థమూ 'నియమించిన మనిషి' అనే. ఇంగ్లీషు అటార్నీకీ పాత ఫ్రెంచిలో అదే అర్థం. అంటే పార్టీ ఒకరిని పెట్టుకుంటే, ఆయన ఇంకొకరిని పెట్టుకున్నాడన్నమాట! వేలిముద్ర వేసేవాళ్లకి నాన్న వకాల్తా మొత్తం చదివి వినిపించాకే సిరా డబ్బా తెరిచేవారు. రాజీ పడటానికి, కోర్టులో జమైన డబ్బు తీసుకోవడానికి కూడా లాయరుకి అధికారం ఇస్తున్నట్టు చాలా వకాల్తాల్లో అచ్చేసి ఉంటుంది. రావిచెట్టు గారూ, మీ దాంట్లో ఏముందో చూశారా?

రావిచెట్టు:
చూళ్లేదండీ. పైన పేరు రాసే చోటు కూడా ఖాళీగానే ఉన్నట్టు గుర్తు. ఇప్పుడే ఫోన్ చేసి ఫొటో పంపమంటే, వాయిదా రోజున రండి చూపిస్తాం అన్నారు.

నల్లకోటు:
వాయిదా దాకా ఎందుకు, రేపే వెళ్లండి.