రెండు రోజుల్లో అరకు, వంజంగి, లంబసింగి కుదురుతాయా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఆరుగురం స్నేహితులం. నవంబరు చివర్లో ఓ శనివారం తెల్లవారుజామున విశాఖలో దిగి, ఆదివారం రాత్రి రైలెక్కాలి. బొర్రా గుహలు, అరకు, వంజంగి, లంబసింగి అన్నీ చూడాలని ఉంది. బండి మాట్లాడుకోవాలా, రైల్లో వెళ్లాలా?

జవాబు: మాది విశాఖేనండీ. లంబసింగి తీసేయండి, అది చింతపల్లి వైపు, అరకుకు దూరం. వంజంగి పాడేరు దగ్గర. మేఘాలు కనిపించాలంటే తెల్లవారకముందే కొండెక్కాలి, కాబట్టి ముందు రాత్రి పాడేరులో పడుకోవాలి. అంటే అరకు సగమే చూస్తారు. అరకు ఒక్కటే పెట్టుకోండి, తృప్తిగా తిరగొచ్చు.

వెళ్లేటప్పుడు కిరండూల్ రైలెక్కండి. ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. అద్దాల బోగీ కావాలంటే టికెట్ ముందే తీసుకోవాలి. సొరంగం దాటగానే లోయ, మళ్లీ చీకటి, మళ్లీ లోయ. ఆ దారిని రైల్లోంచే చూడాలి. మీ రైలు ఆలస్యమైతే మాత్రం టెన్షన్ పడకండి, స్టేషన్ దగ్గరే బండి మాట్లాడుకోండి.

బొర్రాలో దిగిపోండి. గుహల్లో పైనుంచి నీటి చుక్కలు పడుతూనే ఉంటాయి, మెట్లు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. బయటికొచ్చాక బొంగులో చికెన్ తినండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె ఉండదు. మీ కళ్ల ముందు కాల్చిందే తీసుకోండి, చల్లారితే ఆ రుచి రాదు. అక్కణ్నుంచి బండి మాట్లాడుకుని అరకు వెళ్లండి.

ఇంకొకరు: అరకులో గది ముందే బుక్ చేసుకోండి. పోయినేడు మేం వెళ్లాక చూసుకుందాంలే అనుకుని, రాత్రి తొమ్మిదిదాకా చలిలో తిరిగాం. స్వెటర్లు మరిచిపోవద్దు. మీరు వెళ్లే రోజుల్లో వలిసె పూలు పూసి చేలన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. అది గిరిజన రైతుల పంట, ఆ గింజల నుంచి నూనె తీస్తారు. ఫొటోలకు డబ్బులడిగితే బేరమాడకుండా ఇచ్చేయండి, గట్టు మీదే నిలబడండి. ఒక్కరు చేలోకి దిగితే వెనకాల పదిమంది దిగుతారు, మొక్కలు మళ్లీ లేవవు.

ప్రశ్న: చాలా థ్యాంక్స్ అండీ. వంజంగి ఈసారికి వదిలేశాం. ఆదివారం సంగతేంటి? మాలో ఒకరికి ఘాట్ రోడ్డంటే వాంతులు.

జవాబు: పొద్దున్నే చాపరాయి వాగు దగ్గరికి వెళ్లండి. బండల మీద పాచి ఉంటుంది, లోతు తెలియనిచోట దిగొద్దు. తర్వాత గిరిజన మ్యూజియం చూసి, మధ్యాహ్నం రెండుకల్లా బయల్దేరండి. విశాఖ 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఘాట్ చీకటి పడకముందే దిగాలి. వాంతులయ్యేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి, కడుపు నిండా తినిపించకండి. గాలికొండ దగ్గర పావుగంట ఆగితే వాళ్లకూ ఊపిరాడుతుంది, మీరూ లోయ చూడొచ్చు. అనంతగిరిలో కాఫీ పొడి కొనుక్కోండి.